పన్నెండేళ్ళ తర్వాత మళ్ళీ కథ బొమ్మ వేస్తున్నాను, నూనె రంగుల్లో. సలహా కావాలి

లంక కుంచె | జూలై 6, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. ఈ వేదికలో చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

మాది కోనసీమలో ఒక లంక ఊరు. ఇప్పుడు ఉండేది అమలాపురంలో. పదో తరగతి అయిన దగ్గర్నుంచి సైన్ బోర్డులు రాశాను, సినిమా కటౌట్లకు రంగులు వేశాను. ఫ్లెక్సులు వచ్చాక ఆ పని పోయింది. కొన్నాళ్ళు ఫొటో చూసి పోయినవాళ్ళ బొమ్మలు వేసిచ్చాను. పన్నెండేళ్ళుగా హోటళ్ళకీ అపార్ట్‌మెంట్లకీ కాన్వాసులు చేస్తున్నాను. సోఫా రంగు చెబుతారు, గోడ రంగు చెబుతారు, దానికి నప్పేలా నైఫుతో రంగులు పరిచి ఇస్తాను. ఆ పనే నాకు అన్నం పెట్టింది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ చిన్నప్పుడు నేను బొమ్మలు మొదలుపెట్టింది కథ చెప్పడానికి. ఆ కోరిక ఇన్నాళ్ళకు మళ్ళీ పట్టుకుంది.

వేస్తున్నది 1986 ఆగస్టు వరద కథ. మా నాయనమ్మ చెబుతుంది. రాత్రి నీళ్ళు ఇంట్లోకి వచ్చేశాయి. పిల్లల్ని, బియ్యం బస్తాని అటక మీదకు ఎక్కించారు. ఆవిడ మటుకు గొడ్ల సావిడిలోకి వెళ్ళింది. గేదె పలుపు నానిపోయి ముడి బిగుసుకుపోయింది, విప్పుదామంటే రాలేదు. చూరులో దోపిన కొడవలి తీసి కోసేసింది. గేదె వెంటనే కదల్లేదట, ఆవిడ వంక చూస్తూ నిలబడిందట. తర్వాత నీళ్ళల్లో పడి ఈదుకుంటూ పోయింది. ఎన్నిసార్లు చెప్పినా ఆ కథను ఒకే మాటతో ఆపుతుంది: "పలుపు ముక్క నా చేతిలోనే ఉండిపోయింది."

నాలుగడుగులు, మూడడుగుల కాన్వాస్ మీద వేశాను. కొబ్బరిచెట్లు సగం మునిగి ఉంటాయి, ఇళ్ళ కప్పులు, వాటి మీద జనం, చుట్టూ నీళ్ళు. వేసేటప్పుడు బాగానే అనిపించింది. అయ్యాక చూస్తే పేపర్లో వేసిన వరద ఫొటోలా ఉంది. నాయనమ్మకు చూపించాను. "బాగుంది నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ కథ అందులో లేదని నాకప్పుడు అర్థమైంది.

ఇంకో సమస్య కూడా ఉంది. కింది భాగం మూడు వారాలైనా ఎండలేదు, వేలు పెడితే అంటుకుంటోంది. కాన్వాస్ కూడా వదులైంది. ఏం చేయమంటారు?

అవిసెనూనె | జూలై 6, రాత్రి 11:25

ముందు రంగుల సంగతి చూద్దాం. కింది పొరకు ఏ రంగులు వాడారు? నల్లరంగు ఉందా? నూనె ఎంత కలిపారు?

లంక కుంచె | జూలై 6, రాత్రి 11:40

ఐవరీ బ్లాక్, కొంచెం అలిజరిన్ క్రిమ్సన్. రాత్రి కదా అని చీకటి ముందే పరిచేశాను. లిన్సీడ్ ఆయిల్, అదే అవిసె నూనె, బాగానే కలిపానండి, సాఫీగా నడుస్తుందని.

అవిసెనూనె | జూలై 7, ఉదయం 6:15

జబ్బు అక్కడే ఉంది. ఐవరీ బ్లాక్, అలిజరిన్ రెండూ నెమ్మదిగా ఎండే రంగులు. వాటికి నూనె కూడా తోడైతే ఇక ఎప్పటికి ఎండుతుంది? నీళ్ళ రంగులో నీళ్ళు ఆవిరైపోతాయి. నూనె రంగు అలా ఆరదు. గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని నూనె గట్టిపడుతుంది. వాన రోజుల్లో తలుపులు మూసిన గదిలో, వెలుతురు లేని మూల పెడితే వారాలు పడుతుంది.

కింది పొరను టర్పెంటైన్‌తో పల్చగా వేయాలి, పైకి వెళ్ళేకొద్దీ నూనె పెంచుకోవాలి. తిరగేస్తే పైపొర ముందు బిగుసుకుంటుంది, కిందది ఇంకా కదులుతూ ఉంటుంది, ఏడాది తిరక్కుండా పగుళ్ళు కనిపిస్తాయి. చీకటి కావాలంటే కింద రా అంబర్, బర్న్‌ట్ అంబర్ అనే ముదురు మట్టి రంగులు వాడండి. వాటిలో మాంగనీస్ ఉంటుంది కాబట్టి తొందరగా ఎండుతాయి. నలుపు కావాలనుకుంటే ఆఖర్న, పైన వేసుకోవచ్చు.

కాన్వాస్ వదులైతే ఫ్రేమ్ లోపలి మూలల్లో చెక్క చీలలు ఉంటాయి కదా, వాటిని సుత్తితో మెల్లగా లోపలికి కొట్టండి, బిగుస్తుంది. కానీ అతిగా బిగించకండి. మన దగ్గర వానాకాలం తేమకు సాగిన గుడ్డ ఎండాకాలం బిర్రబిగుస్తుంది.

ఇది అందరికీ చెబుతున్నాను: నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూలన పడేయకండి. లిన్సీడ్ ఆయిల్ ఎండేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే ఆ గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్ళల్లో ముంచి పారేయండి. ఇంట్లో పెద్దావిడ ఉన్నారన్నారు కాబట్టి మరీ జాగ్రత్త.

డ్రాయింగ్ మాస్టారు | జూలై 7, ఉదయం 9:50

నాయనా, రంగుల సంగతి అవిసెనూనె గారు చెప్పారు. నేను కథ సంగతి చెబుతాను. ముప్ఫై ఏళ్ళు బళ్ళో డ్రాయింగ్ చెప్పినవాణ్ణి, కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది.

మన ఇళ్ళల్లో పూజగదిలో రవివర్మ బొమ్మలు ఉండేవి. ఆయన 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి నూనె చిత్రాలను అచ్చు వేయించబట్టే అవి మన పల్లెల దాకా వచ్చాయి. ఆయన శకుంతలను చూడు. దుష్యంతుడు బొమ్మలో లేడు. కాల్లో ముల్లు గుచ్చుకుందని వంకపెట్టి ఆగి, మెడ తిప్పి వెనక్కి చూస్తుంది. చెయ్యి ముల్లు దగ్గర ఉంది, కళ్ళు ఇంకెక్కడో ఉన్నాయి. ఆ రెండింటి మధ్యే కథ అంతా ఉంది.

మన రాజమండ్రివాడు దామెర్ల రామారావు గారు కూడా అంతే. 1897లో పుట్టి 1925లో మశూచితో పోయారు. ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండని బతుకు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన చేతిని గుర్తించాడు, ఆ తర్వాత రామారావు బొంబాయి జే.జే. ఆర్ట్ స్కూల్లో చదువుకున్నాడు. ఎక్కువగా వేసింది నీటిరంగుల్లోనే. 'సిద్ధార్థ రాగోదయం' అని ఆయన బొమ్మ ఒకటి ఉంది. సిద్ధార్థుడు అనగానే ఎవరైనా అర్ధరాత్రి ఇల్లు విడిచి వెళ్ళడమే వేస్తారు. ఈయన ప్రేమ పుట్టిన ఘడియ ఎంచుకున్నాడు. వెళ్ళిపోవడం మనకు ముందే తెలుసు కాబట్టి ఆ ప్రేమను చూస్తే గుండె బరువెక్కుతుంది. రాజమండ్రిలో ఆయన పేరున ఆర్ట్ గ్యాలరీ ఉంది, వచ్చి ఒక పూట కూర్చో.

నువ్వు వరదను వేశావు. మీ నాయనమ్మ చెప్పింది వరద కాదు. ఆవిడ ఎక్కడ ఆగిందో అక్కడే నీ బొమ్మ ఉంది.

సముద్రానికి దూరం | జూలై 7, మధ్యాహ్నం 1:30

నేను హైదరాబాద్‌లో ఉంటాను, ఊరు మాత్రం గోదావరి జిల్లా కాదు. మాస్టారు మీద గౌరవంతోనే ఒక సందేహం అడుగుతున్నాను. శకుంతల కథ అందరికీ తెలుసు, సిద్ధార్థుడి కథా తెలుసు. అందుకే అక్కడ చిన్న చూపు చాలింది. ఈయన నాయనమ్మ కథ ఎవరికి తెలుసు? ఒక ముసలావిడ చేతిలో తాడు ముక్క వేస్తే, నాలాంటి వాడు చూసి తాడు అనుకుంటాడు, అంతే. తెలియని కథను బొమ్మ ఎలా చెబుతుంది?

ముక్తేశ్వరం రేవు | జూలై 7, సాయంత్రం 7:05

మీకు తెలియకపోవచ్చండి. గోదావరి పక్కన పుట్టినవాడికి పలుపు ముక్క చాలు. 86లో నాకు పద్నాలుగేళ్ళు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది నీరు. ఏటిగట్లకు ఎన్ని చోట్ల గండ్లు పడ్డాయో. లంకల సంగతి వేరు, అవి గట్టుకు లోపలే ఉంటాయి. గండి పడాల్సిన పనే లేదు, నీరు పెరిగితే మునగడమే.

గొడ్లను ముందే విప్పేసినవాళ్ళవి కొన్ని ఎక్కడో తేలి బతికాయి. కట్టేసి ఉన్నవి గుంజ దగ్గరే పోయాయి. నీళ్ళు తీశాక చూశాను నేను. అందుకే పలుపు కోసిందంటే ఆ తల్లి ఏం చేసిందో నాకు తెలుసు.

తమ్ముడూ, ఒక్క మాట. నువ్వు నీళ్ళు నీలంగా వేసి ఉంటావని నాకు అనుమానం. వరద గోదావరి నీలంగా ఉండదు. ఎర్రనీరు. ఒండ్రు కలిసి టీ రంగులో, పైన నురగ, చెత్త, గుర్రపుడెక్క.

లంక కుంచె | జూలై 7, రాత్రి 9:15

నీలమే వేశానండి. నీలం, బూడిద. అన్నేళ్ళు ఏటి ఒడ్డున పెరిగి ఆ రంగు నా చేతికి ఎందుకు రాలేదో తెలియడం లేదు. హోటల్ బొమ్మల్లో నీళ్ళంటే నీలం. చేతికి అదే అలవాటైపోయింది. రేపు గీకేస్తాను.

సముద్రానికి దూరం గారి ప్రశ్న నన్ను పట్టుకుంది. ముక్తేశ్వరం బాబాయ్ గారికి అర్థమైనది ఆయనకు అర్థం కాకపోతే నేను సగం మందికే చెప్పినట్టు అవుతుంది.

తోలుబొమ్మ ఇల్లు | జూలై 8, ఉదయం 7:40

మాది కాకినాడ దగ్గర మాధవపట్నం. మా తాతల కాలం నుంచి తోలుబొమ్మలాట. అన్నయ్యా, మా ఆటలో కూడా కథ అందరికీ తెలుసు. అయినా తెల్లవార్లూ ఎందుకు కూర్చుంటారు? ఏం జరుగుతుందోనని కాదు, ఎలా జరుగుతుందో చూడటానికి. మీ కథ తెలియనివాళ్ళకు ఒక్క సాయం చేస్తే చాలు. గేదెను రెండుసార్లు చూపించండి. మేము ఒకే పాత్రకు రెండు మూడు బొమ్మలు చేసుకుంటాం, సభలో కూర్చున్నప్పుడు ఒకటి, యుద్ధంలో ఒకటి. చూసేవాళ్ళు ఇద్దరు రాముళ్ళు అనుకోరు.

ఇంకొకటి చెప్పాలనిపించింది. మా బొమ్మకు మేకతోలును వెలుతురు అవతలికి కనిపించేంత పల్చగా గీకుతాం. దీపం వెనక ఉంటుంది, వెలుతురు రంగులోంచి మన వైపు వస్తుంది. నూనె రంగులో ఇలాంటిది చేయొచ్చా?

అవిసెనూనె | జూలై 8, ఉదయం 10:20

చేయొచ్చు, గ్లేజ్ అంటే అదే. కింద తెలుపు, లేత పసుపు వేసి పూర్తిగా ఎండనివ్వాలి. దాని మీద బర్న్‌ట్ సియెన్నా లాంటి పారదర్శకమైన ఎర్రమట్టి రంగును నూనెలో బాగా పల్చన చేసి గాజు పొరలా వేస్తారు. వెలుతురు ఆ పొరలోంచి లోపలికి వెళ్ళి, కింది తెలుపును తాకి వెనక్కి వస్తుంది. మీ దగ్గర దీపం బొమ్మ వెనక ఉంటే, ఇక్కడ బొమ్మ లోపల ఉన్నట్టు. లాంతరు వెలుగుకు ఇంతకంటే మంచి దారి లేదు. కింద పొర ఎండకుండా మాత్రం ముట్టుకోవద్దు. తెలుపుకు టైటానియం వాడండి. జింక్ తెలుపు కాలం గడిచేకొద్దీ పెళుసెక్కుతుంది.

డ్రాయింగ్ మాస్టారు | జూలై 8, మధ్యాహ్నం 12:10

రెండుసార్లు చూపించడం మనకు కొత్త కాదు! అమరావతి స్తూపం మీది నలగిరి ఏనుగు శిల్పం చూడండి, ఇప్పుడది చెన్నై మ్యూజియంలో ఉంది. ఒకే గుండ్రటి పలక. ఒకవైపు మదమెక్కిన ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వస్తుంది. అదే ఏనుగు ఇంకోవైపు బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంటుంది. మధ్యలో గీత లేదు, గోడ లేదు. మేడల మీంచి జనం తొంగిచూస్తుంటారు. కృష్ణ ఒడ్డున దాదాపు రెండు వేల ఏళ్ళ కిందట మనవాళ్ళు చేసిన పని.

నాయనా, నాలుగడుగుల చట్రం వదిలేయ్. పొడుగ్గా తీసుకో. ఎడమవైపు సావిడి, గుంజ, కట్టేసిన గేదె. కుడివైపు చివర నీళ్ళల్లో చిన్నగా అదే గేదె, మెడలో తెగిన పలుపు. మధ్యలో మీ నాయనమ్మ. తెలుగు చదివే కన్ను ఎడమ నుంచి కుడికే వెళుతుంది, నువ్వు చెప్పక్కర్లేదు.

నరసాపురం లేసు | జూలై 8, రాత్రి 8:30

ఇందాకటి నుంచి చదువుతున్నాను. మాది బాపు గారి ఊరు. ఆయన గీత పక్కన కథ అచ్చులో ఉండేది, రెండూ కలిసి చదువుకున్నాం. అందుకే అడుగుతున్నాను: బొమ్మ పక్కన నాలుగు ముక్కలు రాసి పెడితే తప్పేమిటి? శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మల కింద పట్టీలో తెలుగులోనే కథ రాస్తారు. దాన్ని ఎవరూ బొమ్మ చేతకాక రాశారని అనరు కదా. నాయనమ్మ గారి మాట ఒక్కటి, ఆవిడ అన్నది అన్నట్టు, కింద రాయండి తమ్ముడూ.

సముద్రానికి దూరం | జూలై 8, రాత్రి 9:00

నేను ఒప్పుకోలేనండి. అక్షరం కనిపిస్తే మనిషి ముందు అదే చదువుతాడు. చదివాక ఇక బొమ్మను చూడడు, సరిచూసుకుంటాడు. కానీ రెండు గేదెల ఆలోచన బాగుంది. తెగిన పలుపు మెడలో, మిగిలిన ముక్క చేతిలో ఉంటే నాకూ అర్థమవుతుంది. నా సందేహం తీరింది.

నరసాపురం లేసు | జూలై 8, రాత్రి 9:20

అది బళ్ళో చదువుకున్నవాళ్ళ అలవాటు. మా అత్తగారికి చదువు రాదు, ఆవిడ బొమ్మ చూసి పక్కవాళ్ళతో కథ చదివించుకునేది, మళ్ళీ బొమ్మ చూసేది. మాట వల్ల ఆవిడకు బొమ్మ పోలేదు. నా అభిప్రాయం నాది.

లంక కుంచె | ఆగస్టు 2, రాత్రి 10:05

ఇన్నాళ్ళు జవాబు ఇవ్వనందుకు క్షమించండి. పనిలో ఉన్నాను.

పాతది గీకేశాను. ఆరడుగుల పొడుగు, రెండడుగుల ఎత్తు కొత్త కాన్వాస్ కట్టాను. రంగుకు ముందు వేసే తెల్ల జెస్సో మూడు పూతలు. కింది పొర మొత్తం రా అంబర్, టర్పెంటైన్‌తో పల్చగా. నాలుగో రోజుకే చేతికి అంటలేదు! అవిసెనూనె గారికి దణ్ణం పెట్టాలి.

మాస్టారు చెప్పినట్టు రాజమండ్రి వెళ్ళి దామెర్ల గ్యాలరీలో ఒక పూట కూర్చున్నాను. వచ్చేటప్పుడు కోటిపల్లి మీదుగా వచ్చి ఏరు దాటించే పంటు ఎక్కాను. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. చిన్న సీసాలో నీళ్ళు పట్టుకొచ్చి కిటికీలో పెట్టుకున్నాను. కదిపితే ఒక రంగు, నిలబెడితే అడుగున ఒండ్రు దిగి ఇంకో రంగు. యెల్లో ఓకర్, బర్న్‌ట్ సియెన్నా, కొంచెం తెలుపు, ఎక్కడో ఒక చుక్క నీలం. చుట్టూ ఎరుపు ఉన్నప్పుడు ఆ ఒక్క చుక్క కూడా బలంగా కనిపిస్తోంది. రాత్రి కాబట్టి నీళ్ళల్లో చాలా భాగం చీకటే. లాంతరు వెలుగు పడినంత మేరే ఎర్రనీరు వేశాను.

లాంతరు నాయనమ్మ చేతిలో పెట్టలేదు, ఆవిడ రెండు చేతులకూ పని ఉంది. సావిడి వాసానికి తగిలించాను. ముఖం సగమే వెలుగులో ఉంది.

ఈ పన్నెండేళ్ళలో ఒక బొమ్మ మీద నెల రోజులు ఎప్పుడూ కూర్చోలేదు. వారానికి రెండు ఇచ్చేవాణ్ణి. నూనె రంగు తొందరపెడితే రాదు. పొర ఎండేదాకా ఆగాలి, ఆగినన్నాళ్ళూ కథ మనసులో తిరుగుతూనే ఉంటుంది. గేదె వెంటనే కదల్లేదని, చూస్తూ నిలబడిందని నాయనమ్మ చెప్పింది కదా. ఎడమవైపు కట్టేసిన గేదెను గడ్డి వైపు తిప్పి గీశాను మొదట. రెండో పొర ఎండుతుండగా తల తిప్పాలని తోచింది. ఇప్పుడు అది ఆవిడనే చూస్తోంది. పలుపు తెగింది, అయినా అక్కడే ఉంది.

ముక్తేశ్వరం రేవు | ఆగస్టు 3, ఉదయం 5:50

తెల్లవారుజామున చదివాను తమ్ముడూ. రాయడానికి మాట రావడం లేదు. నాయనమ్మ గారికి చూపించావా?

లంక కుంచె | ఆగస్టు 17, రాత్రి 9:30

నిన్న చూపించాను బాబాయ్ గారూ. ధవళేశ్వరం దగ్గర ఆ నీళ్ళు వచ్చింది 86లో ఆగస్టు 16నే అని మా నాన్న గుర్తుచేస్తే, ఆ రోజే చూపిద్దామనుకున్నాను.

కుర్చీ దగ్గరకు జరుపుకుని కూర్చుంది. ముందు నీళ్ళల్లో పోతున్న గేదెను చూసింది. తర్వాత సావిడి చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత వేలు పెట్టి గేదె మెడ దగ్గర చూపించి, "ఇదేం ముడిరా?" అంది.

నేను జారుముడి వేశాను. బొమ్మకు అందంగా ఉంటుందని, ఆ మెలిక బాగుందని వేశాను. "గొడ్డుకి మెడలో జారుముడి వేస్తారా ఎవరైనా? లాగితే ఉరి పడదూ?" అని, లోపలికి వెళ్ళి కొబ్బరితాడు ముక్క తెచ్చి నా చెయ్యి చాపమంది. మణికట్టుకు చుట్టి కట్టి చూపించింది. ఎంత లాగినా బిగుసుకోని ముడి, లోపల రెండు వేళ్ళు పట్టేంత సందు. "గుంజ దగ్గరది వేరు, అది లాగేకొద్దీ బిగుస్తుంది. నేను కోసింది గుంజ దగ్గర" అంది. ఎన్ని వందలసార్లు విన్నానో ఈ కథ. ఎక్కడ కోసిందో మటుకు ఎప్పుడూ అడగలేదు. మెడ దగ్గర కోసిందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను.

అంటే గేదె మెడలో పొడుగు పలుపు ఉండాలి, నీళ్ళల్లో దాని వెనక తేలుతూ పోవాలి. ఆవిడ చేతిలో మిగిలింది గుంజ వైపు చిన్న ముక్క. రెండూ మార్చాలి. మెడ దగ్గర పైపొర ఇంకా మెత్తగానే ఉంది కాబట్టి నైఫుతో గీకితే వచ్చేసింది, కింద అంబర్ గట్టిగా ఉంది.

నరసాపురం అక్కా, కింద మాట రాయడం గురించి నాయనమ్మనే అడిగాను. "నేనుండగా రాయడం ఎందుకురా, అడిగినవాళ్ళకు నేనే చెబుతాను" అంది. ప్రస్తుతానికి రాయడం లేదు.

నరసాపురం లేసు | ఆగస్టు 17, రాత్రి 9:50

ఆవిడ మాటే ఖాయం. మేము వచ్చి ఆవిడ నోటే వింటాం. వార్నిష్ ఎప్పుడు వేస్తారు?

అవిసెనూనె | ఆగస్టు 17, రాత్రి 10:10

తొందర లేదు. పలుపు మార్చినచోట పూర్తిగా ఎండాలి. ఆరునెలలైనా ఆగండి, ఏడాది అయితే ఇంకా మంచిది. అప్పటిదాకా గుడ్డ కప్పి చీకట్లో పెట్టకండి, అవిసె నూనె చీకట్లో పసుపెక్కుతుంది. ఎండ నేరుగా పడకుండా, వెలుతురు వచ్చే గోడకు తగిలించండి.

లంక కుంచె | ఆగస్టు 17, రాత్రి 10:25

నాయనమ్మ మంచానికి ఎదురుగోడకు తగిలించాను. తూర్పు కిటికీ ఉంది, పొద్దున్నే వెలుతురు వస్తుంది. రేపు పొడుగు పలుపు వేస్తాను.